పిల్ల వయసు, పెద్ద గొంతు: హెలెన్ షపీరో రికార్డుల కథ

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను 1960ల నాటి బ్రిటిష్ పాప్ గాయని హెలెన్ షపీరో గురించి మాట్లాడబోతున్నాను. బ్రిటన్ రాక్ బృందం బీటిల్స్ చరిత్ర చదివినవాళ్లకు ఈ పేరు ఒక్కసారైనా తగిలే ఉంటుంది. 1963 మొదట్లో బీటిల్స్ పాల్గొన్న మొదటి దేశవ్యాప్త టూర్‌లో, పోస్టర్ మీద అందరికంటే పైన పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు ఆమెదే. అప్పుడు ఆమెకు 16 ఏళ్లు. పుస్తకాల్లో ఆమె గురించి ఆ ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతారు. నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. అందుకే ఆమె రికార్డులను మొదటి నుంచీ వరసగా పెట్టుకుని మీతో మాట్లాడాలనుకున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆమె గొంతు ఎప్పుడూ దెబ్బతినలేదు. ఆమెకు ఏ పాట ఇవ్వాలి, ఏ పాట ఆపాలి, ఏది ఎప్పుడు విడుదల చెయ్యాలి అని నిర్ణయించిన పెద్దవాళ్ల లెక్కలు దెబ్బతిన్నాయి. ఆ ఫలితం మాత్రం ఆ అమ్మాయి అనుభవించింది.

హెలెన్ 1946 సెప్టెంబర్ 28న తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో పుట్టింది. తాతల తరం రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. అమ్మానాన్నలు బట్టలు కుట్టే పనిలో ఉండేవారు. ఎన్ని కుడితే అంత కూలి. ఇంట్లో రికార్డ్ ప్లేయర్ కొనే స్తోమత లేదు. తన మొదటి రికార్డు బయటికి వచ్చినప్పుడు అది వినడానికి పక్కింటివాళ్ల ప్లేయర్ అడిగి తెచ్చుకోవలసి వచ్చిందంటే ఆ ఇంటి పరిస్థితి మీకు అర్థమవుతుంది. కానీ పాటకు లోటు లేదు. తన అన్న రాన్ ఉన్న యూత్ క్లబ్ బృందంతో కలిసి పాడేది. చిన్నప్పుడు హాక్నీలో బడి స్నేహితులు కట్టిన ఒక బృందంలో ఆమెతో పాటు మార్క్ ఫెల్డ్ అనే కుర్రాడు ఉండేవాడు. ఆ కుర్రాడే తర్వాత టీ రెక్స్ బృందంతో ప్రపంచానికి తెలిసిన మార్క్ బోలన్.

బడిలో ఆమెకు ఒక ముద్దుపేరు ఉండేది, ఫాగ్‌హార్న్ అని. పొగమంచులో ఓడలను హెచ్చరించడానికి రేవుల్లో మోగించే పెద్ద బూర అది. గొంతు అంత బరువుగా, అంత కిందగా ఉండేదన్నమాట. ఆ వయసు ఆడపిల్లల గొంతు సాధారణంగా సన్నగా పైస్థాయిలో ఉంటుంది. ఈమెది మంద్రంలో నిండుగా పలికే గొంతు.

బేకర్ స్ట్రీట్‌లో మారిస్ బర్మన్ అనే ఆయన నడిపే సంగీత పాఠశాలలో ఆమె పాఠాలు నేర్చుకుంది. అక్కడి నుంచి కబురు ఈఎంఐ అనే రికార్డుల కంపెనీకి చేరింది. ఈఎంఐలో కొలంబియా లేబుల్ వ్యవహారాలన్నీ చూసేది నోరీ పారమోర్. అప్పటి పాప్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌తో, షాడోస్ బృందంతో రికార్డులు చేయించినాయన. ఆయన సహాయకుడు జాన్ ష్రోడర్ ఈ అమ్మాయితో ఒక పరీక్ష రికార్డింగ్ చేయించాడు. పాట 'బర్త్ ఆఫ్ ద బ్లూస్'. 1926 నాటి పాట అది. పిల్ల పాట కాదు, క్లబ్బుల్లో పెద్దవాళ్లు పాడుకునేది. ఆ టేపు విన్న పారమోర్, ఇది 14 ఏళ్ల ఆడపిల్ల గొంతంటే నమ్మలేకపోయాడు. ఆమె ఎదురుగా నిలబడి పాడాకే నమ్మాడు.

కొలంబియా అంటే మన పెద్దవాళ్లకు కొత్త పేరు కాదు. ఆ రోజుల్లో మన తెలుగు సినిమా పాటల రికార్డులు హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ లేబుళ్ల మీద వచ్చేవి. మన దగ్గర వాటిని తెచ్చే గ్రామఫోన్ కంపెనీ ఈ ఈఎంఐ కుటుంబంలోదే. అంటే ఒకే ఇంటివాళ్లు అక్కడ హెలెన్ పాటలు, ఇక్కడ మన పాటలు అమ్ముతున్నారు.

ఇక 1961. బ్రిటన్‌లో అప్పుడు పాప్ అంటే ఎక్కువగా కుర్రాళ్లదే రాజ్యం. క్లిఫ్ రిచర్డ్, ఆడమ్ ఫెయిత్, బిల్లీ ఫ్యూరీ. ఆడవాళ్లు లేరని కాదు, ఆ ఏడాది ఫిబ్రవరిలో పెటులా క్లార్క్ చార్టులో, అంటే అమ్మకాలను బట్టి పాటలకు స్థానాలిచ్చే పట్టికలో, మొదటి స్థానానికి వెళ్లింది. షర్లీ బాసీ ఉంది. కానీ వాళ్లు పెద్దవాళ్లు. బడికి వెళ్లే పిల్లల మాటగా పాడే ఆడగొంతు బ్రిటన్‌కు లేదు. ఇంకో సంగతి. అమెరికాలో హిట్టయిన పాటను తెచ్చి ఇక్కడి గాయకులతో మళ్లీ పాడించడం అక్కడి కంపెనీలకు బాగా అలవాటు. హెలెన్ విషయంలో ష్రోడర్ ఆ పని చెయ్యలేదు. మైక్ హాకర్ అనే రచయితతో కూర్చుని ఆమె కోసమే కొత్త పాట కట్టాడు. అదే 'డోంట్ ట్రీట్ మీ లైక్ ఎ చైల్డ్'. నన్ను చిన్నపిల్లలా చూడొద్దు అని పెద్దలను అడిగే పాట. మూడో స్థానం దాకా వెళ్లింది.

రెండో సింగిల్, అంటే ఒక పాట కోసం వేసే చిన్న రికార్డు, 'యూ డోంట్ నో'. ఆమె రికార్డుల్లో ఒక్కటే వినే సమయం ఉంటే నేను ఇదే వినమంటాను. ప్రేమను పైకి చెప్పలేక లోపలే దాచుకున్న అమ్మాయి పాట. ఇలాంటి పాట ఇస్తే ఆ వయసువాళ్లు గొంతులో ఏడుపు పెడతారు. హెలెన్ అలా చెయ్యదు. స్వరాన్ని పట్టుకుని నిలబడుతుంది, తొందరపడదు, వాక్యం చివర గొంతును లాగి సాగదీయదు. వెనక తీగవాద్యాలు పెద్దగా వస్తున్నా ఆమె గొంతు వాటి కింద నుంచి స్పష్టంగా వినిపిస్తూనే ఉంటుంది. 1961 ఆగస్టు 10న ఈ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరి మూడు వారాలు అక్కడే ఉంది. ఆ రోజుకు ఆమె వయసు 14 ఏళ్ల 316 రోజులు. బ్రిటిష్ చార్టులో మొదటి స్థానానికి చేరిన గాయనుల్లో అంతకంటే చిన్నవాళ్లు ఇప్పటికీ లేరు. 1998లో బిల్లీ పైపర్ అనే గాయని మొదటి సింగిల్‌తోనే 15 ఏళ్లకు మొదటి స్థానం కొట్టినప్పుడు పత్రికలన్నీ మళ్లీ ఈ లెక్కలు తీశాయి. తొలి పాటతోనే అన్న రికార్డు బిల్లీది, వయసు రికార్డు మాత్రం హెలెన్‌దే.

మూడో పాట 'వాకింగ్ బ్యాక్ టు హ్యాపీనెస్' అక్టోబర్‌లో మళ్లీ మొదటి స్థానం, మళ్లీ మూడు వారాలు. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఇవాళ్టికీ హెలెన్ పేరు చెబితే అక్కడివాళ్లు పాడేది దీని పల్లవే. కానీ ఈ పాట తనకు మొదట్లో నచ్చలేదని ఆమే తర్వాత చెప్పుకుంది. నాకు ఆమె బాధ అర్థమవుతుంది. హుషారైన పాటే, కాలు ఆడుతుంది, కాదనను. కానీ వెనక కోరస్ ఆడపిల్లలు, ఆ కేరింతలు, అన్నీ కలిసి ఆ గొంతు మీద స్కూల్ యూనిఫాం తొడిగినట్టు ఉంటుంది. చిన్నపిల్లలా చూడొద్దని మొదటి పాటలో పాడించినవాళ్లే మూడో పాటకల్లా ఆమెను చిన్నపిల్లను చేశారు. అది బాగా అమ్ముడుపోయింది కాబట్టి ఇక అదే దారి అనుకున్నారు. అమెరికాలో మాత్రం ఈ పాట నూరు పాటల పట్టికలో సరిగ్గా నూరో స్థానం దగ్గరే ఆగిపోయింది.

ఆ ఏడాది క్రిస్మస్‌కు ఆమె బడి మానేసింది. ఇంగ్లండ్‌లో అప్పట్లో 15 నిండితే బడి మానెయ్యవచ్చు. 16 నిండకముందే పత్రికల ఓటింగ్‌లో దేశంలోకెల్లా ఉత్తమ గాయనిగా ఎన్నికయింది. 1962లో రెండు సినిమాలు చేసింది. వాటిలో 'ఇట్స్ ట్రాడ్, డాడ్!' తీసిన రిచర్డ్ లెస్టరే రెండేళ్లకు బీటిల్స్‌తో సినిమా తీశాడు. సినిమాల గురించి నేను ఇంతకంటే చెప్పను.

1962 చార్టు చూడండి. 'టెల్ మీ వాట్ హీ సెడ్' రెండో స్థానం. తర్వాతి పాట 23. ఆ తర్వాత 'లిటిల్ మిస్ లోన్లీ' ఎనిమిది. ఆ వెంటనే వచ్చింది 40. అక్కడి నుంచి మళ్లీ మొదటి పదిలోకి ఆమె ఎప్పుడూ రాలేదు. ఆ ఏడాదే ఆమె మొదటి ఎల్పీ, అంటే చాలా పాటలున్న పెద్ద రికార్డు, ''టాప్స్' విత్ మీ' ఆల్బమ్ చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. మంచి అమ్మకమే. కానీ అందులో ఎక్కువ భాగం ఇతరులు పాడి పేరు తెచ్చుకున్న పాటలు. తన కోసమే పుట్టిన పాటలతో పైకొచ్చిన గాయని చేత ఊళ్లోవాళ్ల పాటలన్నీ పాడించారు. ఈలోగా ష్రోడర్ ఈఎంఐ వదిలి ఓరియోల్ అనే చిన్న కంపెనీకి వెళ్లిపోయాడు. అక్కడ ఉండగానే, నల్లజాతి గాయకుల సోల్ పాటలకు పేరున్న అమెరికా కంపెనీ మోటౌన్ రికార్డులను బ్రిటన్‌కు తెచ్చినవాళ్లలో ఆయనొకడు. అంత చెవి ఉన్న మనిషి రోజూ పక్కన లేకపోవడం హెలెన్‌కు పెద్ద నష్టమని నా నమ్మకం.

ఇక్కడ మన సినిమా పాట అలవాటున్నవాళ్లకు ఒక తేడా చెప్పాలి. మన దగ్గర గాయని తెర వెనక ఉంటుంది. సుశీల గారు, జానకి గారు దశాబ్దాల తరబడి కొత్త కొత్త హీరోయిన్లకు పాడారు. పాడేవాళ్ల వయసెంత అని ఎవరూ అడగలేదు, అడగాల్సిన అవసరం రాలేదు. బ్రిటిష్ పాప్‌లో అలా కుదరదు. అక్కడ రికార్డు కవర్ మీద గాయని ముఖం ఉంటుంది, పత్రికలో వయసు ఉంటుంది. గొంతుతో పాటు వయసును కూడా అమ్ముతారు. 14 ఏళ్లు అన్నదే ప్రచారమైతే, 16 రాగానే ఆ సరుకు అయిపోయినట్టే. పాడే మనిషి ఇంకా అక్కడే ఉంది, గొంతు ఇంకా ముదిరి బాగుపడుతోంది, అయినా సరే.

ఇప్పుడు 1963 ఫిబ్రవరి 2కు వద్దాం. బ్రాడ్‌ఫర్డ్‌లోని గామాంట్ థియేటర్. ఆ ఏడాది బ్రిటన్‌లో ఘోరమైన చలి, రోడ్ల మీద మంచు. ఆ రోజుల్లో ప్యాకేజీ టూర్ అంటే ఒకే బస్సులో అందరు కళాకారులూ ఎక్కి ఊరూరూ తిరగడం. సినిమా హాళ్లలో రాత్రికి రెండు ఆటలు. ఒక్కొక్కరికీ కొన్నే పాటలు, చివర్లో పెద్ద పేరు. ఆ పెద్ద పేరు హెలెన్. జట్టులో గాయకులు డానీ విలియమ్స్, కెన్నీ లించ్, ఇంకా కెస్ట్రెల్స్ బృందం ఉన్నారు. పోస్టర్ మీద కింది వరసల్లో బీటిల్స్. వాళ్ల 'ప్లీజ్ ప్లీజ్ మీ' జనవరిలో వచ్చి టూర్ నడుస్తుండగా చార్టులో పైకి ఎక్కుతూ పోయింది. ఊరు మారేకొద్దీ హాల్లో కేకలు ఎవరి కోసమో కూడా మారిపోయింది.

హెలెన్‌కు వాళ్ల మీద అసూయ ఉన్నట్టు ఎక్కడా కనబడదు. పైగా మంచి స్నేహం. ఫిబ్రవరి 8న కార్లైల్‌లో ఆట అయ్యాక, హోటల్లో జరుగుతున్న గోల్ఫ్ క్లబ్ డాన్సుకు ఆమె, బీటిల్స్ కలిసి వెళ్లారు. తోలు జాకెట్లు వేసుకొచ్చారని వాళ్లను బయటికి పొమ్మన్నారు. అది పత్రికల్లోకి ఎక్కింది. అదే టూర్ బస్సులో, ఫిబ్రవరి 28న యార్క్ నుంచి ష్రూస్‌బరీ వెళ్తూ బీటిల్స్‌లోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ 'ఫ్రమ్ మీ టు యూ' రాశారు.

ఈ టూర్‌కు ముందే వాళ్లిద్దరూ హెలెన్‌ను మనసులో పెట్టుకుని 'మిజరీ' అనే పాట రాశారు. తమ పాట ఒక పెద్ద స్టార్ పాడితే చాలనుకునే రోజులు వాళ్లవి. ఆ పాట పారమోర్ దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెకు సరిపడదని పక్కన పెట్టేశాడు. నిర్ణయం ఆయనది, పాడాల్సిన అమ్మాయిని అడగలేదు. అదే బస్సులో ఉన్న కెన్నీ లించ్ దాన్ని తీసుకుని రికార్డు చేశాడు. బీటిల్స్ కాకుండా బయటివాళ్లు పాడిన మొదటి లెనన్, మెకార్ట్నీ పాటల్లో ఒకటిగా అది చరిత్రలో నిలిచింది. ఫిబ్రవరి 11న టూర్‌కు విరామం వచ్చినప్పుడు బీటిల్స్ లండన్ వెళ్లి ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. అందులో 'మిజరీ' ఒకటి. స్టూడియో అబ్బీ రోడ్, అంటే హెలెన్ పాడుతూ వచ్చిన ఈఎంఐ స్టూడియోనే.

ఆ పాట ఆమె పాడి ఉంటే పెద్ద హిట్టయ్యేదని నేను చెప్పను. కానీ 'యూ డోంట్ నో' పాడిన గొంతుకు 'మిజరీ' లాంటి దిగులు పాట సరిపడదనడం నాకు మింగుడుపడదు.

టూర్ రోజుల్లోనే ఒక సంగీత పత్రిక, 16 ఏళ్లకే హెలెన్ పని అయిపోయిందా అన్న అర్థం వచ్చే శీర్షిక వేసింది. బస్సులో అది చూసి ఆమె కుంగిపోతే, జాన్ లెనన్ పక్కన కూర్చుని, అలాంటివి పట్టించుకోవద్దని ధైర్యం చెప్పాడని ఆమె తర్వాత గుర్తుచేసుకుంది. పెద్ద గాయని ఆమె, ఓదార్చింది పోస్టర్ మీద కింద ఉన్న కుర్రాడు.

ఆ ఏడాదే ఆమెను అమెరికాలోని నాష్‌విల్‌కు తీసుకెళ్లి రికార్డు చేయించారు. ఇది నిజంగా మంచి ఆలోచన. ఎల్విస్ వెనక పాడిన జోర్డనైర్స్ కోరస్, అక్కడి స్టూడియో వాద్యకారులు. లండన్ ఆర్కెస్ట్రా బరువు లేకుండా గొంతుకు చోటు దొరికింది. ఆ పాటల్లో ఒకటి 'ఇట్స్ మై పార్టీ'. అప్పటికి ఆ పాట ఇంకా ఎవరిదీ కాదు. హెలెన్ పాడి పెట్టింది, దాన్ని సింగిల్‌గా వెయ్యలేదు. మార్చి 30న న్యూయార్క్‌లో క్విన్సీ జోన్స్ అనే నిర్మాత అదే పాటను లెస్లీ గోర్ అనే అమ్మాయి చేత పాడించి వెంటనే విడుదల చేశాడు. జూన్‌కల్లా అమెరికాలో మొదటి స్థానం. ఆ పాట పాడినప్పుడు లెస్లీ గోర్‌కు కూడా 16 ఏళ్లే. హెలెన్ పాడినది ఆ తర్వాత 'హెలెన్ ఇన్ నాష్‌విల్' ఎల్పీలో వచ్చింది. అప్పటికి వినేవాళ్లకు అది లెస్లీ పాటను మళ్లీ పాడినట్టే వినిపించింది. ముందు పాడి వెనకబడటమంటే ఇదే.

అక్టోబర్ 4న టీవీలో 'రెడీ స్టెడీ గో!' కార్యక్రమంలో ఆమె 'లుక్ హూ ఇట్ ఈజ్' పాడింది. బీటిల్స్‌లోని జాన్, జార్జ్, రింగో పక్కన నిలబడ్డారు, ముగ్గురికీ తలా ఒక చరణం చెబుతున్నట్టు పాడుతుంది. ఆ దృశ్యం ఇప్పటికీ దొరుకుతుంది, చూడండి. కుర్రాళ్లు మొహమాటంగా నవ్వుతుంటారు, ఆమె ఒక్కతే వృత్తి తెలిసిన మనిషిలా కనబడుతుంది. ఆ పాట 47 దగ్గర ఆగింది. 1964 మొదట్లో 'ఫీవర్' 38కి వచ్చింది. బ్రిటిష్ చార్టులో ఆమె చివరి పాట అదే.

మామూలుగా ఇక్కడ చెప్పేది ఏమిటంటే, బీటిల్స్ వచ్చారు, కాలం మారింది, పాతతరం కొట్టుకుపోయింది అని. పాతతరమా? తేదీలు చూద్దాం. కొత్త తరం గాయనులని పేరుపడ్డవాళ్లను తీసుకోండి. 1963 నవంబర్‌లో సోలోగా మొదలైన డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ 1939లో పుట్టింది. సిల్లా బ్లాక్ 1943. ఇద్దరూ హెలెన్ కంటే పెద్దవాళ్లు. 1964 అక్టోబర్‌లో మొదటి స్థానం కొట్టిన శాండీ షా పుట్టింది 1947 ఫిబ్రవరిలో, అంటే హెలెన్‌కూ ఆమెకూ అయిదు నెలలే తేడా. కొత్త తరం అన్నవాళ్లలో చాలామంది కంటే, పాత తరం అన్న అమ్మాయే చిన్నది. ఇంకొకటి వినండి. డస్టీ మొదటి సోలో హిట్ 'ఐ ఓన్లీ వాంట్ టు బి విత్ యూ' రాసిన ఇద్దరిలో ఒకరు ఎవరనుకుంటున్నారు? మైక్ హాకర్. హెలెన్ మొదటి మూడు హిట్లూ రాసిన ఆ హాకరే. రచయిత మారలేదు, గాయనికి 17 ఏళ్లే, గొంతు అదే. మారినదల్లా ఆ గొంతుకు చుట్టూ ఎలాంటి వాద్యం కట్టాలి, ఆ మనిషిని ఎవరిగా చూపించాలి అన్నది. డస్టీని ఎదిగిన ఆడమనిషిగా వినిపించారు. హెలెన్‌కు ఆ అవకాశం ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు.

చార్టు ఆగింది కానీ రికార్డింగ్ ఆగలేదు, ఇది చాలామందికి తెలియదు. 1960ల రెండో సగంలో కూడా ఆమె కొలంబియాకు సింగిల్స్ చేస్తూనే ఉంది. వాటిలో 'స్టాప్ అండ్ యూ విల్ బికమ్ అవేర్' అని ఒకటుంది. విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బుల్లో, అమ్ముడుపోని పాత సోల్ రికార్డులను వెతికి తెచ్చి రాత్రంతా డాన్స్ చేసే కుర్రకారు దీన్ని పట్టుకున్నారు. నార్తర్న్ సోల్ అంటారు ఆ ధోరణిని. ఆ పాటలో ఇత్తడి వాద్యాలు దూసుకొస్తుంటే ఆమె వాటికి ఎదురు నిలిచి పాడుతుంది. ఫాగ్‌హార్న్ అని ఎందుకన్నారో నాకు ఈ పాట విన్నాకే బాగా తెలిసింది.

1970ల చివర లండన్ రంగస్థలం మీద 'ఆలివర్!' అనే సంగీత నాటకంలో నాన్సీ పాత్ర వేసింది. 1984 నుంచి 2001 దాకా హంఫ్రీ లిటిల్టన్ జాజ్ బృందంతో పాడింది. ఆయన ట్రంపెట్ వాయించేవాడు, రేడియోలో కూడా పేరున్న మనిషి. వాళ్లిద్దరూ కలిసి అమెరికా జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎలింగ్టన్ పాటలతో 'ఎకోస్ ఆఫ్ ద డ్యూక్' అనే ఆల్బమ్ చేశారు. చార్టుల్లో ఉన్నది మూడేళ్లయితే జాజ్ పాడింది పదిహేడేళ్లు. మరి మనం ఆమెను ఏ గాయని అనాలి? 1980ల్లో ఆమె క్రైస్తవంలోకి వచ్చింది. 2002 చివర మామూలు కచేరీలు మానేసి భక్తి పాటలకే పరిమితమైంది. ఆ నిర్ణయం ఎవరో ఆమె తరఫున తీసుకున్నది కాదు.

నేనింక ఎక్కువ మాట్లాడను, రికార్డులు పెడతాను. ముందు 'యూ డోంట్ నో', ఆ వెంటనే నాష్‌విల్‌లో పాడిన 'ఇట్స్ మై పార్టీ', ఆఖరున ఆ సోల్ పాట. మూడింటి మధ్యా మాట్లాడకుండా వరసగా వినిపిస్తాను. గొంతు కింది స్వరాల్లోకి దిగే చోట్ల జాగ్రత్తగా వినండి, అక్కడే తేడా తెలుస్తుంది. ప్రశ్నలేమైనా ఉంటే పాటలయ్యాక అడగండి.